క్లివోన్ రోజు కుట్టిన చెవులు

వార్సినిది చల్లని చెయ్యి అని సలాతిగా సంతలో అందరూ అనేవాళ్లు. ఆమె నాటిన మిరపనారు వాడదు, ఆమె కుట్టిన చెవి పుండు పడదు. ఇరవై ఆరేళ్లుగా కెనంగా నగల దుకాణంలో ఓ మూల ఎత్తుపీట మీద ఆమె రాజ్యం నడుస్తోంది. మొదటి పదిహేడేళ్లూ సూదీ దారంతో కుట్టింది. ఆ తర్వాత దుకాణం యజమాని కో సియాంగ్ చెవులు కుట్టే గన్ ఒకటి తెచ్చిచ్చాడు. టక్కుమంటే చాలు, పోగు దిగిపోయేది. ఏడవాలా వద్దా అని పిల్ల తేల్చుకునేలోపు పని అయిపోయేది. ఆ గన్‌ను వార్సిని కడుపున పుట్టినదానిలా చూసుకునేది, ఇంకొకళ్లను ముట్టుకోనిచ్చేది కాదు.

అలాంటి మనిషి ఇంటికి ఓ ఉదయం పక్కింటి తుమిరా తన కూతురు లారసను వెంటబెట్టుకుని వచ్చింది. లారస కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. పదిహేను రోజుల కిందట సరదాపడి వార్సిని చేతే చెవి పైఅంచున పోగు కుట్టించుకుంది. ఈ మధ్య ఆడపిల్లలంతా అక్కడే కుట్టించుకుంటున్నారు. తల్లి చెప్పగా ఆ పిల్ల తలగుడ్డ తీసి చూపించింది. చెవి పైసగం ఎర్రగా ఉబ్బి, మడతలన్నీ కలిసిపోయి, చూడ్డానికి చెవిలాగే లేదు.

"డాక్టరు రెండుసార్లు కోసి చీము తీశాడక్కా," అంది తుమిరా. "లోపలి మెత్తటి ఎముక కొంత కరిగిపోయిందట. వాపు తగ్గాక ఆ అంచు వాలిపోతుందంట. ఇంక లేవదంట."

వార్సిని లారస వంక చూడబోయి, చూడలేక, ఆ పిల్ల కాళ్ల చెప్పులు చూసింది.

"నిన్ను అనడానికి రాలేదులే," అంది తుమిరా ఆమె చెయ్యి పట్టుకుని. "నీ చెయ్యి సంగతి నాకు తెలీదూ? నన్ను కుట్టిందీ నువ్వే, దీన్ని కుట్టిందీ నువ్వే. బుద్ధి లేక మేమే క్లివోన్ రోజు చూసుకుని వచ్చాం. ఆ రోజు గాలీ ధూళీ తిరుగుతాయని మా అత్త మొత్తుకునేది. నూడుల్స్ బండి ఆయన భార్య చెవీ ఇలాగే అయింది. అదీ క్లివోన్ నాడే."

ఆ ఊళ్లో ఏడు రోజుల వారంతోపాటు ఐదు రోజుల సంత వారం కూడా నడుస్తుంది. లెగి, పహింగ్, పోన్, వాగే, క్లివోన్, మళ్లీ లెగి. జీతాలకీ బడులకీ ఏడు రోజుల వారం. పెళ్లికీ పురుడుకీ ఐదు రోజుల వారం కూడా చూసుకోవాల్సిందే. అందులో క్లివోన్‌కి మొదట్నుంచీ కాస్త చెడ్డపేరు ఉంది.

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే వార్సినికి ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదు, రోజుది. కానీ ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. వెళ్లబోతూ గడప దగ్గర ఆగి తుమిరా ఇంకో మాట అంది.

"నీ మనవరాలి ముప్ఫై ఐదో రోజు కూడా క్లివోనే కదక్కా. నా మాట విని ఆ రోజు మాత్రం చెవులు కుట్టకు."

వార్సిని మనవరాలు కినాసి మంగళవారం క్లివోన్ నాడు పుట్టింది. ఏ రోజున పుట్టినా ముప్ఫై ఐదు రోజులకి ఆ వారమూ, ఆ సంత రోజూ కలిసి మళ్లీ వస్తాయి. ఆ రోజు పుట్టువెంట్రుకలు తీసి, నలుగురికీ భోజనం పెట్టి, పిల్లకి మొదటి పండగ చేస్తారు. ఆ రోజే, అందరి ముందూ, తన చేత్తో మనవరాలి చెవులు కుట్టాలని వార్సిని పట్టు. కోడలు రెత్నో కాన్పులు చేసే నర్సు. మామూలుగా ఆడపిల్లలకి పుట్టిన మర్నాడే ఆస్పత్రిలో సూదితో కుట్టేస్తారు. అత్తగారి ముచ్చట కాదనలేక ఆమె ఆగింది.

క్లివోన్ చెడ్డదైతే ఆ రోజు పుట్టిన నా పిల్ల ఏమైనట్టు? వార్సినికి ఒళ్లు మండింది. ఊరు ఎన్నయినా అనుకోనీ, ఆ రోజుకి తప్పు లేదని తేల్చాలి. పండగ ఇంకా పదిహేను రోజులుంది.

కోడలు అంతా విన్నదేమో, పిల్లని భుజాన వేసుకుని వంటింట్లోంచి వచ్చింది.

"అమ్మా, ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. ఆ గన్ నా పిల్ల దగ్గరికి రాకూడదు."

"అంటే నువ్వూ క్లివోన్ అంటావా?"

"నేను రోజు గురించి అనట్లేదు. లారస చెవి ఎందుకలా అయిందో నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. తెలిసేదాకా వద్దంటున్నా, అంతే."

ఎందుకో తెలీదు అన్న మాట వార్సినికి చిన్నప్పట్నుంచీ పడదు. గోడ గడియారం ఆగిపోతే బాగుచేసేవాణ్ని పిలవకుండా విప్పి, మళ్లీ బిగించలేక మొగుడితో తిట్లు తిన్న మనిషి ఆమె. ఆ రోజే తన చెయ్యి బెణికిందని కో సియాంగ్‌కి కబురు పెట్టింది. మర్నాటి నుంచి కాళ్లకి చక్రాలు కట్టుకుని తను కుట్టిన చెవుల వెంట పడింది.

నూడుల్స్ బండి ఆయన భార్యకి చెవి తమ్మె మీదే పుండు పడి, ఇప్పుడిప్పుడే మానుతోంది. "క్లివోన్ నాడే పిన్నీ, మా ఆయన బండి తియ్యడు కదా ఆ రోజు," అందామె. బస్టాండు వెనక చెవి పుండు పడ్డ పదకొండేళ్ల పిల్ల ఉంది. ఆ పిల్ల నాయనమ్మ వేళ్లు మడిచి లెక్కవేసి వాగే అంది. ఇంకొకావిడది మళ్లీ క్లివోన్. నాలుగు చెడ్డ చెవుల్లో మూడు క్లివోన్‌వి, ఒకటి వాగేది.

ఇక మంచి చెవులు చూడాలి. సంతలో కనబడ్డ ప్రతి ఆడపిల్లనీ ఆపి, చెవి వంచి చూసి, ఏ రోజు కుట్టించుకున్నావని అడగడం మొదలుపెట్టింది. కూరలమ్మే ముసలాయన ముక్కుమీద వేలేసుకున్నాడు.

"ఏంటి వార్సినీ, పెళ్లిసంబంధాలు కుదురుస్తున్నావా? ఆ పిల్లది ఏ రోజో, ఈ పిల్లది ఏ రోజో కూపీ లాగుతున్నావు?"

"నీకూ ఒకటి చూస్తాలే. నీది ఏ రోజు?"

"పోన్. ఈ వయసులో నన్నెవరు చేసుకుంటారే."

లెగి నాడు కుట్టించుకున్నవాళ్లు ఏడుగురు దొరికారు. వాళ్లలో ఇద్దరు లారసలాగే పైఅంచున కుట్టించుకున్నారు. అందరివీ శుభ్రంగా మానాయి. పహింగ్, పోన్ వాళ్లవీ మానాయి. దీంతో క్లివోన్ తప్పు చెయ్యలేదని చెప్పడానికి బయల్దేరిన మనిషి క్లివోన్ మీద ఇంకా సాక్ష్యాలు మోసుకుని ఇంటికొచ్చింది. పీట మీద కూలబడి, మొహం మాడ్చుకుని, లెక్కంతా కోడలికి అప్పజెప్పింది.

రెత్నో పిల్లకి పాలిస్తూ విన్నది. "అమ్మా, ఇరవై ఆరేళ్లలో ఎన్ని క్లివోన్‌లు వచ్చుంటాయి?"

"ఐదు రోజులకోటి. నువ్వే లెక్కేసుకో."

"అప్పుడు పాడవని చెవులు ఇప్పుడెందుకు పాడవుతున్నాయి? ఈ మధ్య నువ్వేం మార్చావు?"

"నేనేం మార్చలేదు. పిల్లలే మారారు, పైన కుట్టమంటున్నారు."

"లెగి నాడు కూడా పైన కుట్టావు కదా. వాళ్లకేం కాలేదు. లెగి నాడు నువ్వు ప్రత్యేకంగా ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? పెద్ద సంత రోజు కదా. పొద్దున్నే లేచి తమలపాకులు కాచి, ఆ నీళ్లు సీసాకి పోసుకుని…"

అక్కడ ఆగిపోయింది. పిల్ల గుటకలు వినబడ్డాయి.

తమలపాకు కషాయం ఆ ఊరికి సర్వరోగనివారిణి. బాలింతలకి అదే, పుళ్లకి అదే, పుక్కిలించడానికీ అదే. స్పిరిట్ మండుతుందని, పిల్లలు ఏడుస్తారని వార్సిని ఏనాడో దాన్ని మానేసి తమలపాకు నీళ్లకి మారింది. గన్ మూతి మీద చల్లేది. పోగు మీద చల్లేది. చెవి మీదా చల్లేది. ఇదివరకు చిన్న పన్నీరు సీసా ఉండేది, రెండు రోజులకే అయిపోయేది, మళ్లీ కాచుకునేది. రంజాను తర్వాత పెద్ద సీసా కొంది. మొక్కల మీద నీళ్లు చల్లే రకం, మూతికి మీట ఉంటుంది. దాన్ని నింపితే ఐదు రోజులు వస్తుంది. లెగి నాడు కాచిన నీళ్లు క్లివోన్ దాకా.

"మరిగించిన నీళ్లే కదా," అంది వార్సిని నెమ్మదిగా.

"మరిగినప్పుడు శుభ్రమే. చల్లారి సీసాలో కూర్చున్నాక?"

"చూస్తే తెలుస్తుంది కదా," అంది వార్సిని. ఆమె కళ్లలో అప్పుడే గడియారం విప్పిన నాటి మెరుపు వచ్చింది.

ఆ తర్వాతి లెగి పొద్దున్నే ఎప్పట్లాగే ఆకులు కాచింది. ఎప్పట్లాగే అదే సీసాకి పోసింది. రోజుకొకసారి మీట నొక్కి కొంచెం నీళ్లు ఒక గాజుగ్లాసులోకి కొట్టి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూసేది, వాసన చూసేది, వేళ్ల మధ్య రాసి చూసేది. మొదటి రోజు ఘాటైన ఆకు వాసన. రెండో రోజు ఘాటు తగ్గింది. మూడో రోజు ఏ వాసనా లేదు. నాలుగో రోజు, అంటే వాగే నాడు, నీళ్లు వేళ్లకి కాస్త జారుడుగా తగిలాయి. అది తన భ్రమేమోనని చేతులు కడుక్కొచ్చి మళ్లీ రాసి చూసింది. క్లివోన్ నాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే, పూలగిన్నెలో మర్చిపోయిన నీళ్ల కంపు గుప్పుమంది.

సీసా మూత విప్పి లోపలి గొట్టాన్ని బయటికి లాగింది. గొట్టం పొడుగునా తెల్లటి జిగురు పట్టుంది. అన్నిసార్లు ఆ సీసా నింపింది కానీ ఒక్కసారైనా లోపల కడగలేదు. మంచినీళ్లున్న సీసాకి కడగడమేమిటనుకుంది.

"రెత్నో, ఇలా రా. ఇది చూడు."

రెత్నో చూసింది. "కంటికి కనబడేది ఇంత ఉంటే కనబడనిది ఎంతుంటుందో. దీన్నా చెవి మీద చల్లుతున్నావు?"

"కుట్టే ముందొకసారి, కుట్టాక ఒకసారి."

ఇక్కడితో ఆగి ఉంటే వార్సిని కొత్త సీసా కొనుక్కుని బతికిపోయేదే. కానీ విప్పడం మొదలుపెట్టిన చెయ్యి ఊరుకోదు. కుట్టుమిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, తొమ్మిదేళ్లలో మొదటిసారి, గన్ విప్పింది.

ప్లాస్టిక్ చిప్పలు రెండుగా ఊడాయి. స్ప్రింగు మెలికల్లో, పోగు కూర్చునే గాడిలో గోధుమరంగు పొడి ఉంది. వేలితో తీసి చూసింది.

"తుప్పా?"

"తుప్పయితే బాగుండేది," అంది రెత్నో. "కుట్టినప్పుడు నెత్తురు తుంపర లోపలికి పోతుందమ్మా. పైన ఎంత తుడిచినా లోపలికి అందదు. మా ఆస్పత్రిలో ఇనప సామాను ఆవిరిలో ఉడికిస్తాం. దీన్ని ఉడికిస్తే కరిగిపోతుంది. ఒకళ్ల నెత్తురు ఇంకొకళ్ల చెవిలోకి పోయే దారి ఇది."

"మరి పైఅంచు సంగతి? నూడుల్స్ ఆయన భార్యకి మానింది, లారసకి మానలేదు."

"కింద తమ్మె మెత్తటి కండ, నెత్తురు బాగా ఆడుతుంది. పైన మెత్తటి ఎముక, అక్కడికి నెత్తురు సరిగ్గా అందదు. సూదయితే సన్నగా దారి చేసుకుని పోతుంది. ఈ పోగు మొద్దుగా ఉంటుంది, స్ప్రింగు దాన్ని బలంగా తోసి ఆ ఎముకని నలగ్గొడుతుంది. నలిగినచోట ఈ నీళ్లు పోశావు."

వార్సిని ఆ పొడి వంక చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయినట్టనిపించింది. కానీ ఆ సిగ్గుకంటే ముందు ఒక్క క్షణం, ఎందుకో తెలిసింది అన్న సంతోషం కలిగింది. ఆ సంతోషం కలిగినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇదంతా తుమిరాకి చెప్పాలా?" అంది చివరికి. "ఊరంతా క్లివోన్ అనుకుంటోంది. గన్ పారేస్తా, సీసా పారేస్తా. ఇక మీదట ఎవరికీ ఏం కాదు కదా."

రెత్నో పిల్లని ఒడిలో సర్దుకుని, "నాకేం తెలుసమ్మా, అది నీ ఇష్టం," అంది.

పండగనాటికి ఇల్లు కళకళలాడింది. నడిమధ్య పసుపు అన్నం కుప్ప, చుట్టూ ఉడికించిన గుడ్లు, కొబ్బరికోరు కలిపిన ఆకుకూరలు. నున్నటి గుండుతో కినాసి అమ్మ ఒళ్లో ఆవులిస్తోంది. తుమిరా అరటిపళ్ల గెల పట్టుకుని లారసతో వచ్చింది. కూర్చోకుండానే గొణిగింది.

"వద్దన్నా వినవు కదా. క్లివోన్ నాడే కుట్టాలా? ఒక్క రోజు ఆగితే నీ సొమ్మేం పోయింది?"

అందరూ వార్సిని వంక చూశారు. గన్ ఎప్పుడు తీస్తుందా అని పిల్లలు ముందుకి జరిగారు. వార్సిని లేచి నిలబడింది. ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఈ పిల్లని నేను కుట్టట్లేదు," అంది. "ఇంక ఎవర్నీ కుట్టను. తుమిరా, లారస చెవి క్లివోన్ వల్ల పాడవలేదు. నా వల్ల పాడైంది. ఐదు రోజులు మురిగిన నీళ్లు చల్లాను. లోపల పాత నెత్తురు ఎండిన గన్‌తో కుట్టాను. కుట్టకూడని చోట కుట్టాను. విప్పి చూశాను కాబట్టి చెప్తున్నా. రోజుకి ఏ పాపం తెలీదు."

తుమిరా చేతిలో అరటిగెల ఇంకా అలాగే ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టింది.

"రోజు మీదే ఉండనివ్వాల్సిందక్కా," అంది. "రోజు మీదైతే నేను కోపం తెచ్చుకోనక్కర్లేదు. ఇప్పుడు రేపట్నుంచీ నీ మొహం నేనెలా చూడాలి?"

తుమిరా వెళ్లిపోతుందనుకున్నారంతా. ఆమె వెళ్లలేదు, గోడకి ఆనుకుని కూర్చుని ఎటో చూడసాగింది.

రెత్నో లేచింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, గాలికి ఆరనిచ్చి, తొడుగులు వేసుకుంది. పిల్ల చెవి తమ్మెల్ని మందుతో తుడిచింది. అది ఆరేదాకా ఆగింది. రెండు తమ్మెల మీదా చుక్కలు పెట్టి, సమానంగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది. అతికించిన కాగితం చించి సూది తీసింది. పోగులు కూడా అలాంటి కాగితంలోనే ఉన్నాయి. ఒక చెవికి వాడిన సూది డబ్బాలో పడేసి, రెండో చెవికి ఇంకోటి తీసింది. వార్సిని మనవరాలి తలని రెండు చేతుల మధ్యా కదలకుండా పట్టుకుంది. ఇంత దగ్గర్నుంచి, ఇన్నాళ్లకి, ఇంకొకళ్ల పని చూస్తూ ఒక్కటీ వదలకుండా గమనించింది. గన్ కంటే ఆలస్యమే. కానీ టక్కుమన్న చప్పుడు లేదు. పిల్ల కెవ్వుమని, పాలు నోటికి అందగానే ఊరుకుంది.

అంతసేపూ వెనక నిలబడి చూస్తున్న లారస ముందుకొచ్చింది. తలగుడ్డ కింద ఒకవైపు ఎత్తు తగ్గి తెలుస్తోంది. వంగి, పిల్ల చెవిని పరీక్షగా చూసి, వార్సిని వైపు తిరిగింది.

"ఇంతేనా పెద్దమ్మా?"

"ఇంతే తల్లీ."

"ఆ సూది మన ఊళ్లో దొరుకుతుందా?"

"మందుల షాపులో దొరుకుతుంది."

"ఖరీదెక్కువా?"

"కాదు. ఓ గిన్నె నూడుల్స్ అంత."

లారస కోపంగా కాదు, నిజంగా అర్థంకాకనే అడిగింది. "రెత్నో అక్క ఈ ఇంటికొచ్చి నాలుగేళ్లయింది కదా. ఈ పని తెలిసిన మనిషి నీ పక్క గదిలోనే ఉంది. గన్ మంచిదో కాదో ఒక్కసారి కూడా అడగలేదా?"

"అడగలేదు," అంది వార్సిని.